లైనుకు అడ్డొచ్చిన బల్ల

ఆ రోజు పెద్దక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున తొమ్మిదింటికి ఫ్యాక్టరీలో తను కాగితాలు మడిచే బల్ల దగ్గర కూర్చోవాలి, సాయంత్రం ఆరింటిదాకా లేవకూడదు. అందుకోసం ఇంట్లో కాఫీ మానేసింది. మంచినీళ్లు రెండు గుక్కలతో సరిపెట్టుకుంది. అన్నం డబ్బా కాళ్ల దగ్గరే పెట్టుకుంది.

దీనికి కారణం లేకపోలేదు. నిన్న మధ్యాహ్నం తనతో మడిచే మిగతా ఎనిమిదిమందీ భోజనానికి లేచి వెళ్లిన అరగంటలో వాళ్ల స్టూళ్లు మాయమై షెడ్డులో తేలాయి. ఇదేమిటని అడిగితే, యంత్రాల లైను వస్తోంది కదా, జాగా ఖాళీ చేయిస్తున్నాం అన్నారు. లేచినవాళ్ల స్టూళ్లు పోయాయి గనుక లేవనిదాని బల్ల పోదని పెద్దక్క లెక్క.

అది తినే వస్తువులు చుట్టే కాగితం తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. పెద్ద రోలు విప్పి, కాగితం కోసి, ఒక్కో ముక్కనూ మూడు మడతలు పెట్టి, వంద చొప్పున పొట్లం కట్టి రొట్టెల దుకాణాలకు పంపుతారు. మడత పని తొమ్మిదిమంది ఆడవాళ్లది. అందులో ఎనిమిదిమందికి, సొంత కోడలితో సహా, పని నేర్పింది పెద్దక్కే. ఇప్పుడు యజమాని ఆటోమేటిక్ లైను పెడతానంటున్నాడు. లైను వస్తే మడిచే చేతులతో పనిలేదు. "మీకు వేరే పని చూద్దాంలే" అన్నాడు గానీ, ఆ వేరే పనేమిటో ఆయనకే తెలియదని ఆయన మొహమే చెప్పింది.

ప్లాను వేయడానికి వచ్చిన ఇంజనీరు యజమానికి మేనల్లుడు. నడుముకి ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి అందరూ అతన్ని చాటుగా టేపుబాబు అంటారు. అతని పథకం కూడా చిన్నదే. పదింటిలోగా చేతి మడతకు ఎన్ని సెకన్లు పడుతుందో చూసుకోవాలి, పన్నెండింటిలోగా ఏ యంత్రం ఎక్కడ నిలబడుతుందో నేలమీద అసలు సైజులో కాగితాలు పరిచేయాలి, రెండింటికి వచ్చే రొట్టెల దుకాణాల మేనేజరుకి అది చూపించి మూడేళ్ల ఆర్డరు పట్టేయాలి.

టేపుబాబు స్టాప్‌వాచీ పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు.

"మీరు మామూలుగానే మడవండి పెద్దక్కగారూ. నేనిక్కడ ఉన్నాననే అనుకోకండి."

"ఉన్నావని ఎవరనుకున్నారు నాయనా?" అంది పెద్దక్క, తలెత్తకుండా.

పది కాగితాలు మడిచేసరికి టేపుబాబు కళ్లు చిట్లించాడు. మడత చివర పైమూల గోరంత బయటికి పొడుచుకొచ్చింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. పక్కన నిలబడి మడుస్తున్న కోడలివి చూశాడు. అవీ అంతే. తొమ్మిదిమందివీ చూశాడు.

"పెద్దక్కగారూ, మీ బొటనవేలికి ఏమైంది?"

"తలుపులో పడి నలిగింది. పాతికేళ్లయింది. ఇప్పుడు పరామర్శకొచ్చావా?"

టేపుబాబు మొహం వెలిగిపోయింది. పుస్తకం తీసి 'లోపం' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

"సరేగానీ, మీరు ఒక్క రెండు నిమిషాలు లేస్తారా? బల్ల పక్కకి జరిపి ఇక్కడ మడత యంత్రం కాగితం పరుచుకోవాలి."

"లేవను."

"పోనీ, ఒక్క నిమిషం?"

"నిమిషం కాదు, సెకను కూడా లేవను. నీ చేతిలో గడియారం ఉందిగా, చూసుకో."

టేపుబాబు బతిమాలాడు. ఆవిడ ససేమిరా అంది. కోడలిని రాయబారం పంపాడు. కోడలు వచ్చి, "అత్తయ్యా, లేవమంటున్నారు" అని గట్టిగా చెప్పి, "లేచారో, ఇంట్లో నేను ఊరుకోను" అని నెమ్మదిగా కలిపింది.

చివరికి టేపుబాబు చేతులెత్తేశాడు. మేనేజరుకి చూపించడానికే కదా, తాత్కాలికంగా లైనుని బల్ల చుట్టూ తిప్పేద్దాం అనుకున్నాడు. పరచడానికి బయట అట్టలు కొంటానని మొన్ననే అడిగితే, "మన దగ్గర రోల్సుకి రోల్సు పడుంటే బయట కొంటావురా?" అని యజమాని కసిరాడు. అందుకని ఫ్యాక్టరీ కాగితమే కోసి, రోలు విప్పే యంత్రం, కోసే యంత్రం, మడిచేది, లెక్కపెట్టేది, పొట్లం కట్టేది, అన్నీ వరసగా పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా అంచులన్నీ జిగురు టేపుతో నేలకి అంటించుకుంటూ పోయాడు. తలవంచుకుని పనిచేసే మనిషి కావడంతో ఎటు పోతున్నాడో చూసుకోలేదు. బల్ల దగ్గర తిరిగిన వంపు వల్ల, గుమ్మం వైపు వెళ్లవలసిన లైను యజమాని గది వైపు వెళ్లింది. పొట్లం కట్టే యంత్రం సరిగ్గా ఆయన తలుపు ముందు, ఈ గోడ నుంచి ఆ గోడదాకా పరుచుకుంది.

పదకొండింటికి యజమాని తలుపు తీశాడు. కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది.

ఎదురుగా గోడమీద ఆయన తండ్రి స్వయంగా రాయించిన మూరెడేసి అక్షరాలున్నాయి: 'తిండికి చుట్టే కాగితాన్ని కాలితో తాకరాదు.' పనిలో చేరిన ప్రతి మనిషి చేతా మొదటిరోజు దాన్ని పైకి చదివించేది ఈయనే. కిందటి నెల ఒక డ్రైవరు కాగితం తొక్కాడని గంటసేపు ఉపన్యాసం ఇచ్చిందీ ఈయనే. తొమ్మిదిమంది ఆడవాళ్లూ మడతలు ఆపి ఆయన పాదం వైపు చూశారు.

"తొక్కేసి వచ్చెయ్యండి మామయ్యా! ఇది ప్లానే కదా!" అన్నాడు టేపుబాబు.

"నోర్ముయ్. నేను తొక్కితే రేపట్నుంచి అందరూ తొక్కుతారు. ముందు ఇది పీకు!"

పీకబోతే కాగితం చిరిగింది. చిరిగితే మళ్లీ కోయాలి, మళ్లీ అంటించాలి. నీళ్లతో తడిపి మెల్లగా తీస్తాను, గంటలో అయిపోతుంది అన్నాడు టేపుబాబు. యజమాని గొణుక్కుంటూ లోపలికి వెళ్లి, సెలవు చీటీలు అందుకునే చిన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. టిక్కెట్లు ఇచ్చే గుమాస్తాలా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే మేనేజరు దిగాడు. రెండింటికి రావలసిన మనిషి, ఇంకెక్కడో పని తొందరగా తెమిలిందట, మూడు గంటలు ముందే వచ్చేశాడు.

భారీ మనిషి. లోపలికి వస్తూనే చుట్టూ చూశాడు. ఒక మూల కిటికీలోంచి గుమాస్తా ఎవరో చేతులూపుతున్నాడు. ఒక కుర్ర ఇంజనీరు నేలమీద పాకుతున్నాడు. ఎనిమిదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మధ్యలో ఒక్క పెద్దావిడ మాత్రం దర్జాగా కూర్చుంది. నేలమీది ప్లాను అంతా ఆవిడకి దారిచ్చి, ఒద్దికగా పక్కకి ఒంగి వెళ్లింది. ఇక అడగవలసిందేముంది? మేనేజరు కాగితాల అంచుల వెంబడే జాగ్రత్తగా నడిచివెళ్లి ఆవిడకి నమస్కారం పెట్టాడు.

"మీరు లేవకండమ్మా, పర్లేదు."

పొద్దుటినుంచి ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. పెద్దక్కకి అతను వెంటనే నచ్చాడు.

"స్టూళ్లు లేవు బాబూ, లేకపోతే కూర్చోమనేదాన్ని. షెడ్డులో పడేశారు" అంది.

"సార్, ఆవిడ కాదు, నేనూ..." అని కిటికీలోంచి కేక వినిపించింది.

"ఆయన్ని కాస్త ఆగమనండి," అన్నాడు మేనేజరు. "లైను సంగతి చెప్పండమ్మా. మడత ఎలా వస్తుంది?"

పెద్దక్క నోరు తెరిచేలోగా టేపుబాబు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. యంత్రాల కంపెనీ పంపిన నమూనా పొట్లం తెచ్చి మేనేజరు చేతిలో పెట్టాడు.

"నిమిషానికి అరవై మడతలు సార్. అంచుకి అంచు, గీత గీసినట్టుంటుంది."

మేనేజరు ఆ పొట్లం విప్పి బల్లమీద పెట్టాడు. కుడిచేతిలో రొట్టె పట్టుకున్నట్టు వేళ్లు బిగించి, ఎడమచేతి వేలితో ఒక్క కాగితం లాగాడు. ఆరొచ్చాయి. మళ్లీ లాగాడు. ఈసారి పదకొండు. తర్వాత పెద్దక్క మడిచిన దొంతరలోంచి లాగాడు. ఒక్కటే వచ్చింది.

"దీనికి చెవి ఏది?" అన్నాడు.

"చెవా?"

"ఈ మూల. ఇలా గోరంత బయటికి ఉంటుంది చూడండి. నేను ఎనిమిదేళ్లు కౌంటర్లో నిలబడ్డాను. ఒక చేతిలో వేడి రొట్టె, రెండో చేతికి నూనె, ఎదురుగా ముప్పైమంది జనం. ఈ చెవి పట్టుకునే కదా బతికాం!"

టేపుబాబు గర్వంగా నవ్వాడు. "ఓ, అదా! అది లోపం సార్. పొద్దున్నే పట్టేశాను. ఈవిడ బొటనవేలు వంకర. ఈవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లంతా ఆ వంకరతో సహా నేర్చుకున్నారు. తొమ్మిదిమందిదీ ఒకటే తప్పు. మా యంత్రం ఆ తప్పు చెయ్యదు."

పెద్దక్క తన వేలు చూసుకుంది. తన మడత సరళరేఖ అని పాతికేళ్లుగా నమ్మింది. ఎనిమిదిమందిని అదే చెప్పి అదిలించింది, కోడలిని రెండుసార్లు ఏడిపించింది కూడా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. తప్పే అయితే ఇన్నేళ్లూ ఒక్కరైనా ఎందుకు తిప్పి పంపలేదు? మేనేజరు అంతటివాడు దానికి పేరు కూడా పెట్టుకున్నాడే!

"తప్పయితే ఇక నేనెందుకు?" అంటూ అన్నం డబ్బా తీసుకుని లేచి నిలబడింది. మిగతా ఎనిమిదిమందీ చేతిలోని కాగితాలు కింద పెట్టేశారు.

"చెవి లేకపోతే మాకూ ఈ సరుకు వద్దు," అన్నాడు మేనేజరు, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

కిటికీలోని తల మాయమైంది. మరుక్షణం తలుపు దబాలున తెరుచుకుంది. యజమాని బూటుకాళ్లతో పొట్లం కట్టే యంత్రాన్ని తొక్కి, లెక్కపెట్టే యంత్రాన్ని చించి, మడత యంత్రంలో జారి, మోకాళ్లమీద పెద్దక్క బల్ల ముందుకి వచ్చి ఆగాడు.

"కూర్చో పెద్దక్కా! నీకు పుణ్యముంటుంది, కూర్చో!"

పొద్దుటినుంచి లేవమని ప్రాణాలు తీసిన జనమంతా ఇప్పుడు కూర్చోమని బతిమాలుతున్నారు. పెద్దక్క ఆయన బూట్లు చూసింది, తర్వాత గోడమీది అక్షరాలు చూసింది.

"ఒకసారి అది పైకి చదవండయ్యా."

యజమాని చదివాడు. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మరీ చదివాడు.

"కూర్చుంటాను. ముందు షెడ్డులోంచి ఎనిమిది స్టూళ్లూ రావాలి. అవి మోసుకొచ్చేది ఈ టేపుబాబే కావాలి. మడత జోలికి ఏ యంత్రమూ రాకూడదు. ఈ మూడూ కాగితం మీద రాసివ్వాలి."

"కాగితం మీదా? ఏ కాగితం?" అన్నాడు యజమాని అయోమయంగా.

"నేలమీద బోలెడుందిగా," అంది కోడలు.

టేపుబాబు ఓటమి ఒప్పుకోలేక యంత్రాల కంపెనీకి ఫోను చేసి, మడత యంత్రానికి వంకర బొటనవేలు పెట్టగలరా అని అడిగాడు. తప్పు చేయడం తమ యంత్రానికి చేతకాదని వాళ్లు చాలా గర్వంగా చెప్పారు. అతను ఫోను పెట్టేసి షెడ్డు వైపు నడిచాడు. పెద్దక్క మాత్రం అప్పుడే కూర్చోలేదు. ఎనిమిదో స్టూలు వచ్చి, దానిమీద కోడలు కూర్చున్నాకే కూర్చుంది. కూర్చున్నాక మొదటి కాగితాన్ని అందరూ చూస్తుండగా కావాలనే గోరున్నర వంకరగా మడిచి మేనేజరు చేతిలో పెట్టింది.

మూడేళ్ల ఆర్డరు ఖాయమైంది. లైను కూడా వచ్చింది. రోలు విప్పడం, కోయడం ఒకవైపు యంత్రాలు చేస్తాయి. లెక్కపెట్టడం, పొట్లం కట్టడం రెండోవైపు యంత్రాలే చేస్తాయి. మధ్యలో తొమ్మిదిమంది కూర్చుని మడుస్తారు, లైను వాళ్ల చుట్టూ వంపు తిరిగి పోతుంది. టేపుబాబు గీసిన కొత్త ప్లానులో కదలనివాటిని ఎర్రరంగుతో గుర్తించాడు: హాలుని మోసే రెండు స్తంభాలు, ఒక పెద్దక్క.

స్తంభాల పక్కన కొలతలు రాసి ఉన్నాయి గానీ, పెద్దక్క కొలతలు అడిగే ధైర్యం మాత్రం అతనికి చాలలేదు.