పిల్లనగ్రోవికి ఆల్టరేషన్

ముక్కు విషయంలో నాతో పోటీకి నిలిచేవాడు ఇంతవరకూ పుట్టలేదు. వీధి చివర పాలు పొంగితే అవి ఆవువో గేదెవో మంచం దిగకుండా చెప్పగలను.

పక్కింటి దర్జీ ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం హాల్లో ఒక గాయని పాటకు అతడు పిల్లనగ్రోవి వాయించాలి. రెల్లుతో చేసిన ఆ పిల్లనగ్రోవి పోయిన మామగారిది. వాయించగానే తిరిగి దాని గుడ్డసంచిలో పెట్టాలన్న షరతు మీద అత్తగారు ఇచ్చింది. చిక్కల్లా, గాయని ఎంచుకున్న రాగంలో ఒక స్వరం దానిమీద పలకదు. రెండో రంధ్రానికీ మూడో రంధ్రానికీ నడుమ ఇంకొకటి పొడిస్తే పలుకుతుంది. ప్యాంటు నడుము వదులు చేసే చేతికి ఇదొక లెక్కా అనుకున్నాడు దర్జీ.

టేపూ, దబ్బనమూ, కొవ్వొత్తీ పట్టుకుని స్నానాలగదిలో దూరి గడియ వేసుకున్నాడు. చెయ్యి కుదిరేదాకా ముందు పనికిరాని రెల్లు ముక్కలమీద పొడిచాడు. దబ్బనం ఎర్రగా కాల్చి పొడిచినప్పుడల్లా తలుపు కిందినుంచి పొగ.

సిగరెట్టు ముట్టుకుంటే గుండె ఊరుకోదని దర్జీకి డాక్టరు చెప్పడం పక్కనుండి విన్న అతని భార్యకు ఆ పొగ కనిపించింది.

"ఏం చేస్తున్నారు లోపల?"

"స్నానం."

"నీళ్ళ చప్పుడేదీ?"

చెంబెడు నీళ్ళు పడ్డాయి. వెనకే ఇంకాస్త పొగ వచ్చింది.

"నీళ్ళకి పొగెందుకొస్తోంది?"

"వేడినీళ్ళు."

"గీజరు పాడై నెలయింది కదండీ."

ఆవిడ మా రెండిళ్ళ నడిమి గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. "బాబాయిగారూ, మీ ముక్కు ఓసారి ఇటు పట్రండి."

వెళ్ళి, తలుపు దగ్గర వంగి, రెండుసార్లు పీల్చి తీర్పు చెప్పాను. "సిగరెట్టేనమ్మా. అదీ ఫిల్టరు లేనిది."

ఆవిడ అతని చొక్కా జేబులు తిరగేసింది. కుట్టుమిషను సొరుగు లాగింది. సిగరెట్టు పెట్టె దొరకలేదు గానీ ఖాళీ గుడ్డసంచి దొరికింది.

"అమ్మా, నాన్న పిల్లనగ్రోవి లేదే. దాన్ని అమ్మేసి తాగుతున్నట్టున్నారు."

అత్తగారు చదువుతున్న పేపరు మడిచి నెమ్మదిగా వచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల "అయ్యో" అని వినిపించింది.

"అల్లుడుగారూ, తలుపు తియ్యండి."

తలుపు తెరుచుకుంది. ముక్కుమీద మసితో, చేతిలో పిల్లనగ్రోవితో దర్జీ నిలబడి ఉన్నాడు. నడుమ కొత్త రంధ్రం.

"నేనింకా పొడవలేదత్తయ్యా. దబ్బనం తగిలీ తగలకముందే మైనం కరిగి రాలిపోయింది. రంధ్రం ముందే ఉందిక్కడ. ఎవరో రెల్లు రంగు కలిపి మూసేశారు."

అత్తగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలితో తడిమింది.

"ఆయనా ఇలాగే గడియ పెట్టుకునేవారు. పొగేమిటంటే, పాటకి తగ్గట్టు రంధ్రం వేస్తున్నాననేవారు. నేను నమ్మితేగా. పోయేదాకా సిగరెట్టనే సాధించాను."

ఆవిడ పిల్లనగ్రోవి అల్లుడి చేతికిచ్చి, "ఊదండి" అంది. అతడు ఊదాడు. కావలసిన స్వరం శుభ్రంగా పలికింది.

అప్పుడు ఆవిడ నావైపు తిరిగింది. "అప్పుడు కూడా తలుపు దగ్గర వంగి వాసన చూసింది మీరే కదూ, అన్నయ్యగారూ?"

"అప్పుడూ జలుబే, ఇప్పుడూ జలుబేనమ్మా" అని తుమ్ముకుంటూ ఇంటిదారి పట్టాను.

సాయంత్రం హాల్లో ఆ స్వరం వచ్చినప్పుడల్లా అత్తగారు కళ్ళు మూసుకుంది. అల్లుడు వాయించడం ముగించినా సంచి అడగలేదు.

ఇదంతా జరిగిందే. నేను కల్పించింది జలుబొక్కటే.