వెట్టియుస్ దొర గడ్డం

ఆ పొద్దున నికాగొరాస్ వేసుకున్న పథకం చాలా సులువైనది. రోము నుంచి వచ్చిన వెట్టియుస్ దొరకు విగ్రహం చూపించాలి, మధ్యాహ్నం చేపలతో భోజనం పెట్టాలి, సాయంత్రం ఓడ ఎక్కించాలి. ఓడ తప్పితే దొర బస మళ్ళీ తన ఇంట్లోనే. కిందటిసారి నెలరోజులు కదల్లేదు మహానుభావుడు.

"ఆయన మళ్ళీ మన గుమ్మం తొక్కాడా, నేను కోస్ దీవికి, మా పుట్టింటికి పోతా. ఆపైన మీ ఇష్టం" అని భార్య ఫిలిన్న తేల్చి చెప్పింది.

ఈ రోడ్సు దీవిలో గౌరవ విగ్రహమంటే కొత్తగా చెక్కేదేమీ ఉండదు. పాత విగ్రహం పీట మీద పేరు చెరిపి కొత్త పేరు చెక్కడం ఊరి ఆనవాయితీ. పురసభలో ఆ వ్యవహారం చూసేది నికాగొరాసే. "గోడవారనున్న పాతదేదో చూడరా" అని శిల్పి దామోన్‌కు చెప్పి ఊరుకున్నాడు. దామోన్ ఉలికి తక్కువ పని పడేలా, పేరు బాగా అరిగిపోయినదాన్ని ఎంచుకున్నాడు.

తెర తీశాకే నికాగొరాస్ కూడా ఆ విగ్రహాన్ని మొదటిసారి చూశాడు. దొరది నున్నటి గుండ్రటి ముఖం. పాలరాతి మనిషికి రొమ్ముదాకా గడ్డం, నుదుట ముడతలు, చితికిన చెవులు.

"ఈ గడ్డం ఎవరిదయ్యా?" అన్నాడు దొర.

"మీ జ్ఞానానిది దొరా! ముఖందేముంది, అందరికీ కనిపించేదే. మావాడు మీ మనసును చెక్కాడు."

"చెవులు వాచాయేం?"

"ప్రజల గోడు విని విని, దొరా."

దామోన్ దగ్గు తెచ్చుకుని అటు తిరిగాడు.

అంతలో ఒక ముసలామె వచ్చి పీట మీద ఆకుల దండ పెట్టింది. ఆ విగ్రహం నిజానికి ఒకప్పటి పేరుమోసిన మల్లయోధుడిది, ఆమె తాతది. పాపం, చదువు రాని మనిషి, పేరు మారిందని ఆమెకు తెలియదు.

"మోకాళ్ళ నొప్పులతో ఈ ఏడు ఆలస్యమైంది తాతా, కోప్పడకు" అంది.

దొర ఉలిక్కిపడ్డాడు. "తాతేమిటి? నాకు నలభై ఏళ్ళేగా!"

"అభిమానం దొరా! పెద్దదిక్కు అనుకున్నవాళ్ళను మావాళ్ళు అలాగే పిలుచుకుంటారు."

దొర కళ్ళు చెమర్చాయి. గండం గడిచిందనుకుని నికాగొరాస్ భోజనానికి దారి చూపించాడు. దొర మాత్రం కదల్లేదు. విగ్రహాన్ని కిందా మీదా చూసి తన చెంపలు నిమురుకున్నాడు.

"ఇంత ప్రేమ పొందినవాణ్ణి, ఈ బోడి ముఖంతో ఎలా పోనయ్యా? రోములో అందరూ గీయించుకునేవాళ్ళే, గడ్డం పెంచితే నవ్వుతారు. రొమ్ముదాకా వచ్చేవరకూ ఇక్కడే పెంచుకుంటా. మీ మేడగది ఖాళీయేగా?"

సాయంత్రం ఓడ వేళకే బయలుదేరింది. దొరకోసం అట్టేపెట్టిన చోట ఫిలిన్న కాళ్ళు చాపుకుని కూర్చుంది.