వేటకి రెండు కర్రలు

ఆ శనివారం గంగాధర్ చేయవలసిన పనులు ఇవి: సింగపూర్ టెక్కా మార్కెట్లో మునక్కాయలు కొనడం, ఇస్త్రీ బట్టలు తేవడం, ఫోన్ కార్డు కొని మామగారితో మాట్లాడడం, వంటింటి కుళాయికి వాషరు మార్చడం, వేటకి రెండు కర్రలు ఎంచడం. మొదటి నాలుగూ కాత్యాయని పురమాయించినవి. అయిదోది ఆమెకు పడగ్గది తలుపు అవతల నుంచి వినపడింది.

"అల్యూమినియమే మేలు సాయీ," అంటున్నాడు గంగాధర్ ఫోన్లో, ఆఫీసు స్నేహితుడు సాయి కిరణ్‌తో. "కార్బన్ తేలికే గానీ దెబ్బ తగిలితే పుటుక్కుమంటుంది. ఇదైతే వంగినా నిలబడుద్ది. వేటకి కదా, చప్పుడు కాకూడదు. చప్పుడైతే బెదిరి పారిపోద్ది. మా ఆవిడకి మాత్రం చెప్పకు."

కాత్యాయనిది పెద్దాపురం వైపు. అక్కడ వేట అంటే మొక్కుబడికి కోసే మేకపోతు. ఆమె భర్తను నిలదీయలేదు. నిలదీస్తే అబద్ధం సర్దుకోవడానికి వ్యవధి ఇచ్చినట్టవుతుంది. తనలో తనే లెక్క తేల్చుకుంది. పెళ్లాం దగ్గర దాచిన మొక్కంటే మంచి కబురు కోసం మొక్కింది కాదు. ఐటీ జోరు మందగించి ఆ నెలలో ఆఫీసుల్లో మనుషుల్ని తీసేస్తున్నారు. ఈయన పెరుగన్నం సగంలో వదిలేస్తున్నాడు. ఉద్యోగం ఊడబోతోంది, అందుకే అమ్మవారికి వేటని మొక్కుకున్నాడు. ఇక్కడ, టోవా పాయోలో, ఏడో అంతస్తులో! పోలీసులు చూస్తే ఉద్యోగంతో పాటు దేశమూ వదలాలి.

"ఎక్కడికి బయల్దేరారు?"

"కర్రలకి... అదే, కర్టెన్ కర్రలకి."

ఇంట్లో కర్టెన్లన్నీ వేలాడుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం కార్బన్‌వి ఒక జత, అల్యూమినియంవి ఒక జత కర్రలతో వచ్చి గదిలో దూరాడు. కాసేపటికి దబ్బుమని చప్పుడు. కాత్యాయని తలుపు సందులోంచి చూసింది. రెండు కుర్చీల మీద ఒక కర్ర అడ్డంగా ఉంది. దానికి బియ్యం బస్తా వేలాడుతోంది. గంగాధర్ దాన్ని ఊపుతూ, "మాంసం మోసుకుని దిగాలిగా, ఇంకాస్త బరువు ఆగాలి," అని గొణుక్కుంటున్నాడు.

ఆమె పక్క బ్లాకులోని సూర్యకుమారి ఆంటీకి ఫోన్ చేసింది.

"పిచ్చిదానా, మొక్కు దొంగచాటుగా తీరుస్తారటే?" అంది ఆంటీ. "అమ్మవారికి కోపం రాదూ? మాంసం కొని నలుగురికీ పెడితే చెల్లుద్ది. నే చూసుకుంటాగా!"

ఆంటీకి నలుగురంటే ముప్పైమంది. సాయంత్రానికి చుట్టుపక్కల తెలుగువాళ్లంతా గంగాధర్ ఇంట్లో దిగారు. ఆంటీ భర్త కేశవరావు అంకుల్ సింగపూర్లో పాతకాపు. మాంసం కూర గుండిగను లిఫ్టులో ఎక్కించి, "మకాన్ వచ్చేసింది!" అని, భోజనానికి అక్కడి మలయ్ మాటతో, కేక పెట్టాడు. ఆ పాత బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. అయిదులో ఆగుతుంది, తర్వాత తొమ్మిదిలోనే. గుండిగ అయిదులో చిక్కుకుంది.

"కర్రలున్నాయన్నావుగా అమ్మాయ్!" అంది ఆంటీ కాత్యాయనితో.

గంగాధర్ కుళాయి కింద వాషరుతో కుస్తీ పడుతుండగా కర్రలు గదిలోంచి వెళ్లిపోయాయి. కార్బన్ జత మొదటి మెట్టు మీదే పుటుక్కుమంది. కూర కొంత అంకుల్ ప్యాంటుకి దక్కింది. తర్వాత అల్యూమినియం జత కాస్త వంగి, గుండిగను ఏడో అంతస్తుకి చేర్చింది. వెనకే మెట్లెక్కి వచ్చాడు పీటర్, గంగాధర్ మేనేజరు.

"అయ్యో, అవి ఆయనవి!" అని పరిగెత్తుకొచ్చాడు గంగాధర్. "న్యూజిలాండ్ కొండల్లో వేటకి!"

"అక్కడ కూడా మొక్కులున్నాయా?" అంది ఆంటీ.

"మొక్కేంటి ఆంటీ? జింకల వేట! కొండలెక్కడానికి కర్రలు!"

"మరి నాకెందుకు చెప్పొద్దన్నారు?" అంది కాత్యాయని.

గంగాధర్ గొంతు తగ్గించాడు. "మా టీంలో ఒకరిని తీసేస్తున్నారు. ఎవర్నో చెప్పేది ఈయనే. కర్రలు ఎంచిపెట్టమన్నాడు, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. గట్టివి ఎంచితే నా పనితనం కనపడుద్దని... నీకు చెప్తే నిద్రపోవు."

అందరూ పీటర్ వంక చూశారు. తెలుగు రాని పీటర్ గుండిగ వంక చూశాడు. ఆంటీ వెంటనే కూర్చోబెట్టి వడ్డించింది. రెండోసారి కలుపుకున్నాక ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు, "ఆ ఒక్కరూ నేనే, గంగాధర్. అందుకే వేటకి తీరిక దొరికింది. నా కుర్చీకి నీ పేరు రాసి వచ్చాను." వంగిన కర్రలు అందుకుని, "ఇంతకన్నా పరీక్ష కొండ కూడా పెట్టదు," అన్నాడు.

"చూశారా అమ్మవారి మహిమ!" అని ఆంటీ అక్కడే దణ్ణం పెట్టింది.

మీ ఇంట ఎప్పుడైనా మొక్కుబడి విందు జరిగితే, మొదటి ముక్క నోట పెట్టుకునే ముందు పీటర్‌ను ఒక్కసారి తలుచుకోండి. ఆ మొక్కులో నిజంగా బలైంది ఆయనొక్కడే.