మా అబ్బాయి కాపాడిన నా గుండె

"నా వరకు నేను ఆధునికుణ్ణి! ఇద్దరు ఆడవాళ్లు పెళ్లాడతామన్నా, ఇద్దరు మగవాళ్లు పెళ్లాడతామన్నా నాకు రవ్వంత అభ్యంతరం లేదు. కానీ ఆ మాట చెవిన పడితే మా అమ్మ గుండె ఆగిపోతుంది. దేశంలో ప్రతి అమ్మ గుండే ఆగిపోతుంది. అమ్మల గుండెలు తొక్కుకుంటూ వెళ్లి ఆ చట్టం మీద నేను సంతకం పెట్టను!"

కుటుంబ సంక్షేమ మంత్రిగారు మైకుల ముందు ఈ విధంగా ప్రకటించి, ఆ వారమంతా 'పెద్దల గుండె పరిరక్షణ వారోత్సవం' జరపాలని ఆదేశించారు.

ఆ అమ్మను నేనే. అప్పుడు సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ ఆపిల్ కొరుకుతున్నాను. నా గుండెకు అంత ముప్పు ఉన్నట్టు నాకు అప్పటిదాకా తెలియదు. నమలడం ఆపి చెయ్యి పెట్టి చూసుకున్నాను. కొట్టుకుంటోంది. మళ్లీ నమిలాను.

ఆపిల్ కొరికే యోగం నాకు పళ్ల డాక్టరమ్మ పుణ్యాన దక్కింది. అంతకుముందు కట్టుడు పళ్లు నేను మాట్లాడితే ఒక వాక్యం ఆలస్యంగా కదిలేవి. ఈ పిల్ల మూడుసార్లు కొలతలు తీసి, అద్దంలో నవ్వించి చూసి మరీ కట్టింది. మా మనవరాలు, అంటే మంత్రిగారి ఏకైక కుమార్తె, లిఫ్టులు బాగుచేసే ఇంజినీరు. నన్ను ఆ క్లినిక్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చి, చివరికి నా పళ్లు కుదిరినా తను వెళ్లడం మానలేదు. పెళ్లంటూ చేసుకుంటే ఆ పిల్లనేనని నా చెవిన వేసి చాలా కాలమైంది.

టీవీ ఇంకా మోగుతుండగానే మనవరాలు వచ్చి నా పక్కన కూలబడింది.

"నాయనమ్మా, నీ గుండె ఆగిందా?"

"ఇంకా లేదే. కూర్చో."

"నాన్నకి నా సంగతి తెలుసు. తెలిసే అన్నాడు."

"వాడికి అభ్యంతరం లేదన్నాడుగా. అడ్డం నేనేనట. నేను తప్పుకుంటే సరిపోతుంది."

అది నవ్వలేదు. "రేపు మా డాక్టరమ్మ ఏ ఆస్పత్రిలోనో పడితే గుమ్మం దగ్గర ఆపి, నువ్వెవరని అడుగుతారు. ఏం చెప్పను? లిఫ్టు రిపేరుకి వచ్చానని చెప్పనా?"

ఆపిల్ ముక్క దాని చేతిలో పెట్టాను.

మా అబ్బాయి ఏ పనైనా పద్ధతిగా చేస్తాడు. మర్నాడే ఒక గుండె డాక్టరు దిగాడు. గేటు దగ్గర నా కోసం అంబులెన్సు కూడా పెట్టించారు. డాక్టరు గొట్టం పెట్టి విని, "గడియారంలా కొట్టుకుంటోంది సార్" అన్నాడు.

"గడియారాలు ఆగవా?" అన్నారు మంత్రిగారు.

"ఆగుతాయి సార్."

"అదే చెప్పండి పత్రికలకి."

వారోత్సవం ముగింపు సభకు పెద్దలు కావాలి. మంత్రిగారి పి.ఏ. ఎక్కడెక్కడి వాళ్లనో పోగుచేసి పార్టీ ఆఫీసులో రిహార్సల్ పెట్టాడు. నేనూ వెళ్లాను. నేను లేకపోతే ఎలా?

"మంత్రిగారు ప్రసంగంలో ఆ మాట అనగానే గ్లాసెత్తి మంచినీళ్లు తాగుతారు. అదే మీకు గుర్తు. అందరూ గుండె పట్టుకోవాలి. ఒకరిద్దరు ఒరిగితే మరీ సంతోషం" అన్నాడు పి.ఏ.

"ఎటు ఒరగాలి?" అని అడిగాడు రిటైరైన బస్సు కండక్టరు.

"కెమెరా వైపు."

బట్టలు కుట్టే ఆవిడ ఒకామె లేచింది. "బాబూ, ఇంతకీ ఏం విని పడిపోవాలి?"

"ఇద్దరాడవాళ్లు పెళ్లి చేసుకుంటారని విని."

"ఓస్, అదా! మా మేనత్తా, సంగీతం టీచరూ జీవితమంతా ఒకే ఇంట్లో ఉన్నారు. మాకు ఇద్దరూ అత్తలే."

"అది స్నేహం అమ్మా."

"వాళ్ల పోట్లాట నువ్వు వినలేదు నాయనా. పప్పులో ఉప్పెక్కువైందని స్నేహితులెవరూ మూడు రోజులు మాట్లాడుకోకుండా ఉండరు. అది అచ్చంగా సంసారమే."

పి.ఏ.కి చెమట పట్టింది. "పోనీ, మీకెవరికీ బాధగా లేదా?"

"నాకేం బాధ? మా అబ్బాయే తట్టుకోలేడు" అన్నాడు కండక్టరు. "మా కోడలు తట్టుకోలేదు" అన్నది ఇంకొకావిడ.

"వాళ్లనీ అడిగాం. మీరు తట్టుకోలేరన్నారు."

"అయితే ఎవరు తట్టుకోలేరో మీరే తేల్చుకుని చెప్పండి. ఈలోపు మేం టీ తాగుతాం" అన్నది బట్టలు కుట్టే ఆవిడ.

సభ రోజు హాలు కిక్కిరిసింది. ఎండకి ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. మంత్రిగారు తమ ఘనకార్యాలతో మొదలుపెట్టారు. "నేను ఈ శాఖ చేపట్టాక ప్రతి ఇంటా సంతోషం వెల్లివిరిసింది!" అనేసరికి గొంతు ఆరిపోయి గ్లాసెత్తి గడగడా తాగారు.

వేదిక మీద పెద్దలందరం గుండె పట్టుకున్నాం. కండక్టరు కెమెరా వైపు ఒరిగాడు. స్ట్రెచర్ వాళ్లు పరుగున వచ్చి ఎత్తుకుపోతుంటే "ఆగండయ్యా, నా మాట ఇంకా ఉంది" అని గింజుకున్నాడు. మంత్రిగారు కంగారులో ఇంకో గ్లాసు ఎత్తారు. మేం మళ్లీ పట్టుకున్నాం.

ఇంకొకరైతే అక్కడే కుప్పకూలేవారు. మా అబ్బాయి గొప్పతనం చూడండి. "చూశారా! నేను ఆ మాట ఇంకా అననే లేదు! అంటానేమోనన్న అనుమానానికే ఈ పరిస్థితి! ఇప్పుడు మా అమ్మే స్వయంగా తన ఆవేదన చెబుతుంది!" అని మైకు నాకిచ్చాడు.

"నేను పెద్దగా చదువుకోలేదు" అన్నాను. "మా అబ్బాయి మాటంటే నాకు వేదం. తనకి అభ్యంతరం లేదన్నాడు, నా గుండె అడ్డమన్నాడు. అది బాగానే ఉంది. రేపు పొద్దున్నే సంతకం పెట్టెయ్ నాన్నా."

ఒక విలేకరి లేచాడు. "ఆ మాట విన్నా మీకేం కాలేదా అమ్మా?"

"వారం నుంచి వింటూనే ఉన్నాం కదయ్యా. ఆకలేస్తోంది."

చప్పట్లు మోగాయి. మంత్రిగారు కూడా కొట్టారు. చప్పట్లు వినబడితే కొట్టకుండా ఉండలేడు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంటికొచ్చాక నా మంచం అంచున కూర్చున్నాడు.

"నువ్వొక్కసారి కాదంటే సరిపోయేదమ్మా."

"నీకు అభ్యంతరం లేదన్నావుగా?"

"లేదు. నాకేం లేదు" అంటూ ఎడమ వైపు ఛాతీ రుద్దుకున్నాడు. మొహమంతా చెమట. నా కోసం వరండాలో కాపలా ఉన్న డాక్టరు వచ్చి గొట్టం పెట్టాడు. ఈసారి చాలాసేపు విన్నాడు.

"సార్, వెంటనే చేర్పించాలి. ప్రాణభయం లేదు కానీ..."

"నాదని తెలిస్తే పరువు పోతుంది. అమ్మదని చెప్పండి. అమ్మ పేరు మీదే చేర్చండి."

వాడికి నా శాలువా తల మీదుగా కప్పి ఎక్కించారు. అంబులెన్సు వృథా పోనందుకు సంతోషిస్తూ నేనూ వెనకే వెళ్లాను.

ఆస్పత్రికి మనవరాలూ పళ్ల డాక్టరమ్మా పరిగెత్తుకొచ్చారు. తెర అవతల ఎవరున్నారో ఇద్దరికీ నేనే చెప్పాను. గుమ్మం దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "దగ్గరివాళ్లే లోపలికి."

"నేను మనవరాలిని" అన్నది మా పిల్ల.

"మీరు వెళ్లండి. ఈమె పేషెంటుకి ఏమవుతారు?"

రోజూ ఇంతమందిని నోరు తెరవమనే డాక్టరమ్మకి నోరు పెగల్లేదు. మనవరాలు లోపలికి చూసి గట్టిగా అన్నది, "తను బయటే ఉంటే నేనూ బయటే ఉంటాను, నాయనమ్మా!"

తెర వెనక మిషను గబగబా కూసింది. ఆ తర్వాత వణుకుతూ ఒక ముసలి గొంతు వచ్చింది. అచ్చం నాలాగే ఉంది. నాకే అనుమానం వచ్చి నోరు తడుముకున్నాను.

"ఆ పిల్ల కూడా మా మనవరాలేనమ్మా. పంపించు."

ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని లోపలికి వెళ్లారు. వరండాలోని టీవీలో వార్త వస్తోంది. ఆ మాట విన్నందువల్ల మంత్రిగారి మాతృమూర్తి గుండెకు దెబ్బ తగిలిందట. ఆమె కోలుకునే వరకు చట్టం వాయిదా అట.

నేనూ లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"మీరు ఏమవుతారు మామ్మగారూ?"

"తల్లిని."

నర్సు నన్ను ఎగాదిగా చూసింది. "పేషెంటుకే ఎనభై దాటాయి. మీరు తల్లేంటి? వెళ్లి అక్కడ కూర్చోండి."

వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. చెయ్యి పెట్టి చూసుకున్నాను. కొట్టుకుంటోంది. సంచిలోంచి ఆపిల్ తీసి కొరికాను.