వడియాల వాన

మా ఆవిడ పంకజాక్షి మిద్దె మీద వడియాలు పెడితే వాన వస్తుంది. చిత్తూరులో మా వీధికంతా తెలిసిన సంగతే ఇది. రేడియోలో పొడి వాతావరణం అని చెప్పినా సరే, ఆమె పాత చీర పట్టుకుని మెట్లెక్కడం చూస్తే పక్కింటి ఆదిలక్ష్మమ్మ ఆరేసిన బట్టలు తీసేసుకుంటుంది.

ఆ మధ్య ఆఫీసులో నోరు జారాను. వయసులో ఉన్నప్పుడు మొగిలి ఘాటంతా సైకిలు దిగకుండా ఎక్కానన్నాను. నిజానికి మా వీధి చివర మిట్టకే దిగి తోసుకుపోయే బాపతు నేను. మా ఆఫీసులోనే పనిచేసే గాలిపంపు ఏకాంబరం వదిలితేనా? ఎక్కడికెళ్లినా సంచీలో సైకిలు పంపు పెట్టుకు తిరిగే మనిషాయన. ఆదివారం ఇద్దరం సైకిళ్ల మీద ఆ ఘాటెక్కి పలమనేరు పోవాల్సిందేనని అందరి ముందూ ఖాయం చేశాడు. వాన పడితే మానుకుందామని నేనొక షరతు ఇరికించాను.

ఆ వారమంతా ఆకాశం నాతో ఆటలాడింది. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం మళ్లీ ఎండ. శనివారానికి మచ్చుకైనా మబ్బు లేదు. ఆఫీసులో పరువు పోతుందన్న భయంతో నాకు అన్నం సయించలేదు. అప్పుడు గుర్తొచ్చాయి వడియాలు.

"బూడిద గుమ్మడికాయ వడియాలు తిని ఎన్నాళ్లయిందో. రేపు పెట్టకూడదా?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పోయిన నెల వడియాలు పెడతానంటే, ఈ ఇంట్లో తినేదెవరని అడిగింది నేనే మరి.

"పెడదాం లెండి. నాకు నడుము నొప్పిగా ఉండాది, మీరు కాస్త సాయం పట్టండి" అంది.

కాస్త సాయమంటే గుమ్మడికాయ తరగడం నాది. మినప్పప్పు రుబ్బడం నాది. తెల్లవారి మిద్దె మీద చీర పరిచి, వంగి వంగి ఒక్కొక్క వడియం పెట్టడమూ నాదే. ఆమె నీడన కూర్చుని వరస వంకర పోతోందని చెబుతూ వచ్చింది. నా నడుమూ పట్టేసింది కానీ, వాన కోసమే కదా అని ఓర్చుకున్నాను.

ఎండ ఫెళ్లున కాసింది. ఏకాంబరం సైకిలేసుకుని వచ్చాడు. ఆయన ముఖం నా ముఖం కన్నా వాడిపోయి ఉంది. మిద్దె వైపు చూసి నీరసంగా అడిగాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో వడియాలు పెట్టినా మబ్బు రాలేదే?"

"నేను పెడితే గదన్నా వచ్చేది" అంది పంకజాక్షి. "ఇవన్నీ ఈయన పెట్టినారు."

రేపు మీరు వడియాలు పెడతారా, మా ఆయన కనుక్కోమన్నాడని ఏకాంబరం భార్య గురవమ్మ ముందురోజే వచ్చి అడిగిందట. దాంతో మా ఇద్దరి పిరికితనం ఆడవాళ్లకు అర్థమైపోయింది.

"సైకిళ్లు బస్సు మీదేయించుకుని పలమనేరు పోండి. ఆడ మా అక్క ఇంట్లో తినేసి రండి. వచ్చేటప్పుడు ఘాటంతా దిగుడే గదా" అంది పంకజాక్షి.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏకాంబరమైతే ఆమెకు దండం పెట్టినంత పని చేశాడు. తిరుగు ప్రయాణంలో ఆ చల్లగాలికి పెడలు తొక్కకుండా ఘాటు దిగుతుంటే, ఎక్కానని చెప్పిన అబద్ధం కూడా నిజమేననిపించింది.

బంగారుపాళ్యం దాటామో లేదో, మామిడితోపుల మీద మబ్బు కమ్మి కుండపోతగా కురిసింది. తడిసి ముద్దయి ఇల్లు చేరాను. నేను పెట్టిన వడియాలన్నీ నడవలో చాప మీద భద్రంగా ఉన్నాయి. పంకజాక్షి తలుపు దగ్గర నిలబడి హాయిగా వాన చూస్తోంది.

"మీరు పోయినాక మిగిలిన పిండి నేను పెట్టినా" అంది తువ్వాలు అందిస్తూ. "బావిలో నీళ్లు అడుగంటినాయి గదా."