కమడోర్ గారి పసుపు తోక

జులై నాలుగో తారీకు, అమెరికా స్వాతంత్ర్య దినం నాటి ఉదయం ఓర్వల్ థోర్స్‌గార్డ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. నీళ్ళమీద తోలే మోటారుబండి జెట్‌స్కీని సరస్సులో ఒక్క చుట్టు తిప్పి చూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండింటికి జెండా పట్టుకుని పడవల ఊరేగింపుకి ముందు నడవాలి. మిటెన్ సరస్సు చుట్టూ కాపురముండేవాళ్ళు ఏటా ఓట్లేసి ఒకరిని కమడోర్‌గా ఎన్నుకుంటారు. ఆ పదవికి జీతం లేదు, అధికారం లేదు. ఒక తెల్ల టోపీ, ఈ ఒక్కరోజు అందరికన్నా ముందుండే హక్కు, అంతే. ఆ టోపీ ఏళ్ళ తరబడి పక్కింటి వెండెల్ నెత్తిమీదే ఉంది. ఈసారి ఓర్వల్ గెలిచాడు, వెండెల్ ఉప కమడోర్ అయ్యాడు. పన్నెండు కొట్టేసరికి కమడోర్ ముందు లేకపోతే ఆ చోటు ఉప కమడోర్‌ది. వెండెల్‌కి ఆ చోటు మళ్ళీ దక్కటం కన్నా సరస్సు ఎండిపోవటమే నయమని ఓర్వల్ అభిప్రాయం.

చెక్కరేవు మీదికి అడుగు పెట్టగానే మొదటి కోపం వచ్చింది. రేవు స్తంభాలకి తన చేత్తో చుట్టిన పసుపు టేపు మాయమైంది. ‘సొంత రేవు. అడుగు పెట్టరాదు’ అని నల్లటి అక్షరాలతో అచ్చు వేయించి మరీ తెప్పించిన టేపు అది. వెండెల్ మనవలు ఆ రేవు మీంచి నీళ్ళలోకి దూకకుండా కట్టింది. నిన్న రాత్రి గాలివాన వచ్చిన మాట నిజమే. కానీ ఓర్వల్‌కి గాలివాన మీద కోపం నిలవదు. ఎదురుగా మనిషి ఉండాలి.

సరస్సు నడిమధ్యకి వెళ్ళేసరికి జెట్‌స్కీ కూత పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. ఇంజన్ వేడెక్కిపోతోంది. బండి సవ్యంగా ఉంటే సరస్సు నీళ్ళనే కిందనుంచి పీల్చుకుని, ఇంజన్ని చల్లబరిచి, పక్కనున్న చిన్న కన్నంలోంచి చంటిపిల్లాడు పోసినట్టు సన్నగా ధార వదులుతుంది. ఓర్వల్ వంగి చూశాడు. చుక్క లేదు. పళ్ళు నూరుకుంటూ, నత్తలా పాకుతూ రేవుకి చేరాడు.

పక్కరేవు మీద వెండెల్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. “ఏంటి, కూత పెడుతోందా?”

“లేదు, పాట పాడుతోంది.”

“వేడెక్కినట్టుంది. నేనొచ్చి చూడనా?”

“వద్దులే. నీకెందుకు శ్రమ.”

ఉత్తర మినెసోటాలో సాయానికి ఒక పద్ధతుంది. ఎవరైనా చేయనా అంటే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగాక, నీ కోసం ఒప్పుకుంటున్నా అన్నట్టు ఊఁ అనాలి. మొదటిసారే ఒప్పుకున్నవాణ్ణి ఆశపోతు అంటారు. నోరు తెరిచి తనే అడిగినవాణ్ణి ఏమంటారో ఎవరికీ తెలియదు, అలాంటివాడు ఇంతవరకూ పుట్టలేదు.

“శ్రమేముంది. వెనకవైపు ఒక్కసారి చూస్తే...”

“అక్కర్లేదు వెండెల్.”

రెండయ్యాయి. ఓర్వల్ పానా వెతుకుతున్నట్టు నటిస్తూ మూడోదానికి తావిచ్చాడు. అది వచ్చేదే. కానీ ఈలోగా నోరు ఊరుకోలేదు.

“నా రేవుకి కట్టిన టేపు ఎవరో పీకేశారు. నీకేమైనా తెలుసా?”

“టేపా? అదే చెబుదామనుకుంటున్నా. ఇందాకే చూశాను.”

“చూసే ఉంటావు. నీ మనవలు పీకుతుంటే కాఫీ తాగుతూ చూసుంటావు.”

వెండెల్ కప్పులో మిగిలిన కాఫీని సరస్సులో పారబోశాడు. “సరే మరి” అన్నాడు. ఆ ప్రాంతంలో ‘సరే మరి’ తర్వాత తలుపేసుకోవటమే ఉంటుంది. లోపలికెళ్ళి వేసుకున్నాడు కూడా.

“వెళ్ళి అడగొచ్చుగా” అంది భార్య మార్లిస్, బంగాళదుంపల సలాడ్ గిన్నెకి మూత పెడుతూ.

“అడగటమా? నేనా?”

“నోరుందిగా. పొద్దుట్నించీ దానికి సెలవే లేదు.”

ఓర్వల్‌కి ఇక కోపం నషాళానికెక్కింది. జెట్‌స్కీని ట్రైలర్ ఎక్కించి పెరట్లోకి లాగాడు. తోట గొట్టం తెచ్చి ఇంజన్‌కి తగిలించాడు. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి, ఆ తర్వాతే కుళాయి తిప్పాడు. ఆ వరస తెలిసినవాడే. మరుక్షణం పక్క కన్నంలోంచి ధార జివ్వున కొట్టింది. బాగైపోయింది అనుకున్నాడు. కుళాయి నీళ్ళు నేరుగా ఇంజన్‌లోకి పోతాయనీ, సరస్సు నీళ్ళు మాత్రం కిందనున్న జాలీ గుండా రావాలనీ కోపంలో ఉన్న మనిషికి తట్టలేదు.

కంచె అవతల పల్లంలో వెండెల్ కనిపించాడు. అక్కణ్ణించి బండి అడుగుభాగం చక్కగా కనబడుతుంది. అతను నోరు తెరిచాడు.

“ఏమిటి చూస్తున్నావు?” అన్నాడు ఓర్వల్.

వెండెల్ నోరు మూసి, మళ్ళీ తెరిచాడు. “ఏం లేదు. అలా కూడా చేయొచ్చు.”

అంటే ‘ఓరి మూర్ఖుడా’ అని. ఓర్వల్ ఒంటికాలిమీద లేచి, ట్రైలర్ తగిలించిన ట్రక్కు తలుపు ధడాలున వేసి తోలుకుంటూ పోయాడు.

ఊరేగింపు మొదలయ్యేది అవతలి గట్టున. అక్కడ నారింజరంగు చొక్కా తొడుక్కున్న బెర్నడీన్ ప్రతి పడవనీ ఆపి, వేరే సరస్సునుంచి కలుపు మొక్కలేమైనా అంటుకొచ్చాయా అని చూస్తోంది. రిటైరైన లెక్కల టీచర్. చూపు ఇంకా అలాగే ఉంది.

“కమడోర్ గారూ, బండి వెనక బిరడా తీయకుండా రోడ్డుమీద తెచ్చారు. అడుగున నీళ్ళు మిగలకుండా తీసే తేవాలని చట్టం. తెలుసుగా?”

“మా పెరట్లోంచి ఇక్కడికేగా.”

“పెరడు దాటితే రోడ్డే.”

ఓర్వల్ బిరడా పీకి, చొక్కా జేబులో కుక్కుకున్నాడు. బెర్నడీన్ బండి వెనక్కి వెళ్ళి వంగింది. అడుగునున్న జాలీలోంచి బారెడు పసుపు తోక వేలాడుతోంది. అది కలుపు మొక్క కాదు. పండగపూట అందరూ పడవల్ని అలంకరించుకుంటారు. ఇదీ అలాంటిదే అనుకుంది.

“కలుపేమీ లేదు. దించేముందు బిరడా పెట్టుకోండి. అలంకారం మాత్రం కాస్త వేరుగా ఉందండీ.”

అక్కడ ‘వేరుగా ఉంది’ అంటే చూడలేకపోతున్నాం అని. ఓర్వల్ బండిమీద ఉన్న అలంకారం తను పెట్టుకున్న జెండా ఒక్కటే.

“దేశపు జెండాలో వేరేముందమ్మా?”

“జెండా సంగతి కాదు, వెనకాల...”

“వెనకాల ఎవరున్నారో నాకు తెలుసు. నేను ముందుంటే చాలు.”

ఆ కోపంతోనే ట్రైలర్‌ని నీళ్ళలోకి తోశాడు. బిరడా జేబులోనే ఉండిపోయింది.

పన్నెండయింది. కమడోర్ టోపీ సర్దుకుని కదిలాడు. వెనకాలే ఉప కమడోర్, ఆ వెనక వరండాకి మోటారు బిగించినట్టుండే పాంటూన్ పడవలన్నీ బారుగా కదిలాయి. కాసేపు అంతా వైభవమే. తర్వాత కూత మొదలైంది. ఓర్వల్ జెండా ఇంకాస్త పైకెత్తి దేశభక్తి గీతం అందుకున్నాడు, కూత వినబడకుండా. ఇంజన్ తనంతట తానే వేగం తగ్గించుకుని, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. గాలి బండిని రెల్లు పొదల వైపు నెట్టింది.

కమడోర్ ఎటు పోతే ఊరేగింపు అటు పోవాలి. పడవలన్నీ మర్యాదగా రెల్లు పొదల వైపు తిరిగాయి.

“ఈ ఏడు దారి కొత్తగా ఉందండీ” అన్నారెవరో చెయ్యి ఊపుతూ.

బండి వెనకభాగం కిందికి దిగటం మొదలైంది. మోకాళ్ళు తడిశాయి. నడుం తడిసింది. అంతమందీ చూస్తున్నారు, ఒక్కరూ మాటెత్తటం లేదు. కమడోర్ మునగాలనుకుంటే అది ఆయన ఇష్టం. మొగుడు వదిలేసి పోతే వెండెల్ పడవెక్కి వచ్చిన మార్లిస్ ఒక్కతే లేచి నిలబడింది.

“ఓర్వల్, నువ్వు మునుగుతున్నావు.”

“తెలుసు.”

గుండెమీద ఏదో గుచ్చుకుంటోందని జేబు తడుముకున్నాడు. బిరడా. పొద్దుట్నించీ పోగుచేసిన కోపం ఒక్కసారిగా దిక్కులేనిదైపోయింది. దీనికి వెండెల్‌ని తిట్టటానికి లేదు, గాలివాననీ తిట్టటానికి లేదు. జేబు తనది.

వెండెల్ పడవ పక్కకొచ్చి ఆగింది. “తాడు వేయనా?”

“వద్దులే” అన్నాడు ఓర్వల్, పుట్టిన గడ్డ అలవాటు కొద్దీ.

“నిజంగానే?”

“అక్కర్లేదు.”

వెండెల్ తలూపాడు. ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ వంచుకున్నాడు. గుటక వేశాడు. సరస్సువైపు చూశాడు. మూడోసారి అడగలేదు. జెట్‌స్కీ కడుపులో నురుగు దిమ్మలుంటాయి కాబట్టి పూర్తిగా మునగదు. మనిషిని చంకలదాకా ముంచి, అలా అందరికీ చూపిస్తూ ఉంచుతుంది.

“వెండెల్” అన్నాడు ఓర్వల్ చివరికి, పళ్ళ సందుల్లోంచి. “తాడు వెయ్యి. నేనే అడుగుతున్నాను.”

సరస్సుమీద ప్రతి తలా అటు తిరిగింది. రెండు మూడు పడవల్లో టోపీలు తీశారు.

అతన్ని పైకి లాగాక, వెండెల్ జెట్‌స్కీ వెనక చెయ్యి పెట్టి పసుపు తోక పట్టుకుని లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది. పంపు చుట్టూ కండెకి దారంలా చుట్టుకున్నదంతా వరసగా బయటికొచ్చింది. ‘సొంత రేవు. అడుగు పెట్టరాదు. సొంత రేవు. అడుగు పెట్టరాదు.’ చుట్టూ ఉన్న పడవలవాళ్ళందరూ తీరిగ్గా చదువుకున్నారు.

“నీదేననుకుంటా” అన్నాడు వెండెల్.

“పొద్దున్నే చెప్పొచ్చుగా.”

“రెండుసార్లు వద్దన్నావు. ఆ తర్వాత నా మనవల్ని దొంగలన్నావు.”

ఓర్వల్ టోపీ తీసి నీళ్ళు పిండాడు. చాలాసేపు పిండాడు. “నా రేవు దగ్గర లోతెక్కువ” అన్నాడు, రెల్లుపొదలతో చెబుతున్నట్టు. “పిల్లలు దూకటానికి బావుంటుంది.”

వెండెల్ కాఫీ కప్పు అతని చేతిలో పెట్టి పడవ ముందుభాగం చూపించాడు. “వెళ్ళి నిలబడు. పడవ నాది, చోటు నీది.”

కారుతున్న బట్టలతో, పిండిన టోపీతో, జెండా పట్టుకుని కమడోర్ మళ్ళీ ముందు నిలబడ్డాడు. ఊరేగింపు రెల్లుపొదల్లోంచి బయటపడింది.

సాయంత్రం మొక్కజొన్న పొత్తుల విందులో బెర్నడీన్ లేచి, అలంకారంలో మొదటి బహుమతి కమడోర్ గారి పసుపు తోకకని ప్రకటించింది. బహుమతి పొగబెట్టిన పంది తొడమాంసం, పెద్ద హామ్ ముక్క. ఓర్వల్‌కి ప్రాణం. మర్యాద ప్రకారం రెండుసార్లు వద్దన్నాడు.

మూడోసారి ఎవరూ అడగలేదు.