నాలుగొందల చేతులు, చిటికెడు మట్టి

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు ఆపండి. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి, మధ్యలో కుదరదు. నేరస్థుల గుండెల్లో రైళ్లు పరిగెత్తించే అపరాధ పరిశోధక చక్రవర్తి, భూతద్దంగారి కథ ఇది. ఆయన ఇంతవరకూ ఒక్క దొంగనీ పట్టుకోలేదు. అది దొంగల అదృష్టమే గానీ ఆయన లోపం కాదు.

ఆయన్ని భరించే భాగ్యం వాళ్ల వదినకి దక్కింది. ఆవిడ పంతులమ్మ. పిల్లల్ని బడి వెనక పెరట్లో కూర్చోబెట్టి, పురుగుల్నీ వేళ్లనీ చూపిస్తూ పాఠం చెబుతుంది. బడి యజమానికి ఆ పెరడు కంట్లో నలుసు. "సదస్సులో నీ పాఠం పెద్దలు మెచ్చుకుంటే సరే. లేదా, సోమవారం పెరడంతా సిమెంటు పోయించి కార్లు పెట్టిస్తా" అన్నాడు. అని ఊరుకోలేదు, స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

సదస్సు దేని మీద? పిల్లలకి ఆరుబయట, ప్రకృతి ఒడిలో చదువు చెప్పడం మీద. జరిగేదెక్కడ? కిటికీలకి మేకులు కొట్టేసిన ఏసీ హాల్లో. మూడు రోజులుగా రెండొందల మంది తెర మీద చెట్ల బొమ్మలు చూసి చప్పట్లు కొడుతున్నారు. మూలన ఉన్నవి ప్లాస్టిక్ మొక్కలు. చలికి అవి కూడా వణుకుతున్నాయి.

వదిన మాట్లాడడానికి ఇంకా పావుగంట ఉందనగా పెట్టె మాయం! పిల్లలు నింపిచ్చిన చెక్కపెట్టె. తడిమట్టి, వానపాములు, మొలకెత్తిన చిక్కుడు గింజలు. ఆవిడ పాఠమంతా అందులోనే ఉంది.

"కదలకు వదినా! ఇది అంతర్జాతీయ వానపాముల ముఠా పని!" అన్నాడు ఆవిడ వెంట వచ్చిన భూతద్దంగారు.

"నీకు దండం పెడతాను నాయనా, ముందు బల్లల కింద చూడు."

"బల్లల కింద పోలీసులు చూస్తారు. నేను మనిషి లోపల చూస్తాను."

అంటూనే వేదికెక్కి, ఉపన్యాసం దంచుతున్న ఆకుపచ్చ కోటాయన చేతిలోంచి మైకు లాగేసుకున్నాడు.

"ఎవరూ హాలు దాటొద్దు! ఆ పెట్టె ముట్టుకున్నవాడి గోళ్లలో మట్టి ఉండి తీరుతుంది. చేతులు చాపండి!"

పెద్దలంతా బుద్ధిగా చేతులు చాపారు. "ఇది కూడా శిక్షణలో భాగమేనాండీ? సర్టిఫికెట్ ఇస్తారా?" అంది ఒకావిడ.

భూతద్దంగారు వరసవరసా వంగి చూశాడు. తోటపని మీద ఆరు పుస్తకాలు రాసిన మేడమ్ చేతులు మల్లెపువ్వులు. 'మట్టే మన అమ్మ' అని అప్పటిదాకా గొంతు చించుకున్న కోటాయనవి వెన్నముద్దలు. పైగా ఈయన వేలు తగిలిందని రుమాలుతో తుడుచుకున్నాడు కూడా. నాలుగొందల చేతుల్లో ఇసుక రేణువంత మట్టి లేదు.

ఆఖరికి వదిన ముందు ఆగాడు. ఆవిడ గోళ్ల నిండా నల్లమట్టి.

"దొరికింది! దొంగ మా వదినే!"

"నా పెట్టె నేనెందుకు దొంగిలిస్తాను? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"అదే నీ ఎత్తు వదినా. ఎవరికీ అనుమానం రాదు!"

హాలంతా గొల్లున నవ్వింది. యజమాని ఫోను తీసి, "సోమవారం దాకా ఎందుకు, రేపే పంపించండి సిమెంటు" అంటున్నాడు. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

భూతద్దంగారు చేతులు కట్టుకుని, ఠీవిగా పక్కనున్న పరదాకి చేరగిలబడ్డాడు. వెనక గోడ ఉందనుకున్నాడు. ఉన్నది తలుపు, హాలు ఊడ్చే అవ్వ తప్ప ఇంకెవరూ తెరవని తలుపు. పరదాతో సహా వెల్లకిలా బయటపడ్డాడు. ఎండా గాలీ ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చాయి. ఆయన తల మాత్రం సరిగ్గా వెళ్లి చెక్కపెట్టెలో దిగబడింది.

నీడన కూర్చున్న అవ్వ గయ్యిమంది. "చూసుకుని పడొద్దూ! లోపల మట్టి కనబడితే పెద్దసార్లు నన్ను తిడతారని నేనే తెచ్చి ఇక్కడ పెట్టా. పాపం, పురుగులకి మాత్రం ఆ చలి పడుద్దా?"

ఏం జరిగిందో చూద్దామని జనమంతా బయటికొచ్చారు. వదిన కళ్లు తుడుచుకుని, అందర్నీ గడ్డి మీద కూర్చోమంది. మరిది జుట్టులోంచి ఒక వానపాముని తీసి, కోటాయన అరచేతిలో పెట్టింది. ఆయన కెవ్వుమన్నాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత దాన్ని ఎంతకీ తిరిగివ్వలేదు. మేడమ్ వేళ్లతో మట్టి తవ్వి మొలక వేరు చూస్తోంది. గంట గడిచినా ఎవరూ లేవలేదు.

"మీ పెరడు చూడ్డానికి మేమంతా రావచ్చా?" అని అడిగాడు కోటాయన.

యజమాని ఫోను జేబులో దోపుకుని చటుక్కున లేచాడు. "తప్పకుండా రండి! ఆ పెరడు అసలు నా ఆలోచనే!"

"చూశావా వదినా, కేసు తలతోనే ఛేదించా" అన్నాడు భూతద్దంగారు, చెవిలో మట్టి దులుపుకుంటూ.

చివర్లో కూర్చున్న ఒకాయన చెమట తుడుచుకుంటూ ఆకాశం వైపు చూసి, "బయట బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. "దీనికో పైకప్పు వేయించి, నాలుగు పక్కలా గోడలు కట్టిస్తే, వచ్చే ఏడాది సదస్సంతా బయటే పెట్టేసుకోవచ్చు."